డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

మన బాటసింగారము ప్రక్కగా పోవు రాజమార్గమును మనము బెజవాడ రోడ్డు అని పిలుచుచున్నాము. అది బెజవాడతో ఆగిపోదు. మరి డెబ్బది కిలోమీటర్లు సాగి, బందరు అనబడు మచిలీపట్టణమును చేరును. రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గమువారు కోరినప్పుడు, ఈ మార్గము చివరనున్న ఆ పట్టణమే నాకు జ్ఞప్తికి వచ్చినది. నేను పండితుడను కాను. పగలు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ గ్రంథాలయమునందలి భారత భాగవతములను నా అంతట నేను చదువుకొన్నవాడను. అందుచేత కవిని గూర్చి వ్రాయుటకు జంకితిని. లెక్కలెరిగిన పెద్దమనిషిని గూర్చి వ్రాసిన తప్పులు కొంత తక్కువగా దొరలునని ఈ చరిత్రమును చేపట్టితిని.

మరియొక కారణము కూడ కలదు. గత సంక్రాంతికి మన ఊరి యువకుడొకడు, చిన్ననాట ఈ గ్రంథాలయమున బొమ్మల కథలు చదివినవాడే, మాదాపూరునుండి ఇంటికి వచ్చి తన ఉద్యోగమెట్టిదో నాకు వివరించెను. ధనవంతులవద్దను ధర్మనిధులవద్దను సొమ్ము కూర్చి, పాడి సంఘములకు, చిన్న ఆసుపత్రులకు, పల్లెలలో సౌరదీపములు అమ్మువారికి పెట్టుబడిగా నిచ్చెదరట. అసలు తిరిగి రావలెను, కొంత లాభము రావలెను, దానితోపాటు ప్రజలకు మేలు జరిగినదో లేదో అదియు లెక్కకట్టి చూపవలెను. ఇది ఈ కాలమున పుట్టిన క్రొత్త విద్య యని అతడు సంతోషముతో చెప్పెను. బందరులో ఒక వైద్యుడు నూరేండ్లకు పూర్వమే ఈ పనికి పూనుకొనెనని నేననగా అతడు నమ్మలేదు. పట్టాభిగారన్న సుభాస్ చంద్రబోసుతో పోటీచేసి ఓడినవారని మాత్రమే అతనికి తెలియును. మనలో పెక్కుమందికిని అంతే తెలియును.

పట్టాభి సీతారామయ్యగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యముగారు, తల్లి గంగమ్మగారు. సంతానము పెద్దది, రాబడి చిన్నది. పట్టాభిగారి బాల్యమునందే తండ్రి గతించుటచే ఆ కుటుంబము మిక్కిలి ఇబ్బందులు పడినది. సంపాదించు చేయి పోయిన ఇల్లు ఎట్లుండునో ఆయనకు పుస్తకములు చెప్పనక్కరలేకపోయెను. తరువాత ఆయన జీవితబీమా సంస్థను స్థాపించుటకు ఈ అనుభవము కారణమని నేను ప్రమాణము చేయజాలను గాని, ఆ సంగతి వ్రాయునప్పుడు ఈ సంగతి నా మనస్సునుండి తొలగుట లేదు.

ఏలూరు మిషన్ పాఠశాలలోను, బందరు నోబిల్ కళాశాలలోను చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలయందు పట్టభద్రులై, ఆ పట్టణమందే వైద్యవిద్య నభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టము పొందిరి. నోబిల్ కళాశాలలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి శిష్యరికము లభించుట ఆయన భాగ్యము. శీలము చదువుకంటె పెద్దదని ఆ గురువు బోధ. 1906లో పట్టాభిగారు బందరు చేరి వైద్యవృత్తి నారంభించిరి. అచిరకాలమున చేతివాసి గలవారని పేరు వచ్చినది.

ఆ 1906వ సంవత్సరమును పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలెను. ఆ యేడు అక్టోబరు 22వ తేదీన మదరాసులో ఆర్బత్‌నాట్ అను దొరల కంపెనీ దివాలా తీసినది. నూరేండ్లకు పైబడిన కొఠీ అది. ఉద్యోగము చాలించినవారు, విధవలు, దేవాలయ ధర్మకర్తలు, చిన్న వర్తకులు, ఎందరో తమ నిలువను దొరల నిజాయితీపై భరోసాతో అందు దాచుకొనియుండిరి. ఆ సొమ్మును కంపెనీవారు దూరదేశపు వ్యాపారములలో ఒడ్డి పోగొట్టిరి. దొరకు కఠినశిక్ష పడినది గాని, దాచుకొన్నవారి డబ్బు చాలవరకు మునిగినది. ఆ దెబ్బతో కన్ను తెరచిన మదరాసు పెద్దలు కొందరు మరుసటి యేడు 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. అదే 1907లో బిపినచంద్రపాలుగారు తెలుగుదేశమున పర్యటించి స్వదేశోద్యమమును ప్రబోధించిరి. స్వదేశి యన్న చాలమందికి బట్ట, ఉప్పు, సబ్బు. దాచుకొన్న డబ్బు కూడ స్వదేశమునందే ఉండవలెననుట అప్పటికి క్రొత్త మాట.

ఇక పల్లెల సంగతి. గోదావరికి 1852లోను, కృష్ణకు 1855లోను ఆనకట్టలు కట్టిన తరువాత ఆ డెల్టాభూములు బంగారము పండినవి. పంట పెరిగినది, అప్పు కూడ పెరిగినది. చదువరులు ఇది విడ్డూరమనుకొందురేమో, లెక్కలు వ్రాయువానికి విడ్డూరము కాదు. భూమి విలువ హెచ్చిన కొలది దానిపై అప్పు ఇచ్చువాడు హెచ్చును. నాట్లకు అప్పు, శిస్తుకు అప్పు, పెండ్లికి అప్పు. కోతకాలమున అందరును ఒక్కసారి ధాన్యమమ్మగా ధర పడిపోవును. ఆ ధరకే అమ్మి అప్పు తీర్చి, మరల వానాకాలమున పెరిగిన ధరకు గింజలు కొని తినవలెను. పట్టణములయందు ఆంగ్లేయుల బ్యాంకులున్నను అవి ఎగుమతి వర్తకులకే గాని కాపువానికి ముఖము చూపించునవి కావు.

నిజాము ఏలుబడిలోనున్న మన ప్రాంతమున స్థితి మరియు దుర్భరము. మన పెద్దలు నాగు తెచ్చుకొనుట యను మాటను మరువలేదు. వానాకాలమున గింజలు లేక పుట్టెడు వడ్లు బదులు తెచ్చుకొన్నవాడు కల్లమువద్దనే పుట్టెడున్నర కొలిచి ఇచ్చెడివాడు. కొన్ని మాసములకే అసలులో సగము వడ్డీ! మనము వాడుకలో రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ యందుము గదా, అనగా నూటికి నెలకు ఒకటి, రెండు. ఏడాదికి 12, 24 చొప్పున పడును. నాగు ముందర ఆ రెండు రూపాయలును ధర్మవడ్డీయే. సభాపర్వమునందు నారదుడు ధర్మరాజును రాజ్యక్షేమమడుగు సందర్భమొకటి కలదు. కోటలు, సేనలు, గూఢచారులను గూర్చి అడిగిన నోటితోనే, కష్టములోనున్న కర్షకునకు విత్తనములు, తిండిగింజలు, స్వల్పవృద్ధికి అప్పు ఇచ్చుచున్నావా యని కూడ ఆ ముని విచారించును. నేను ఆ ఘట్టమును మొదటిసారి చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. వేల యేండ్లనుండి ఆ ప్రశ్న అట్లే యున్నది.

పట్టాభిగారు రోగులకై పల్లెలకు పోవు వైద్యులు. మందు వ్రాసి ఇచ్చినంతమాత్రమున, దానిని కొనలేని ఇంట రోగము కుదురునా? కారణమేదియైనను, వైద్యము బాగుగా సాగుచున్న దినములలోనే ఆయన దృష్టి సొమ్ముపైకి మరలెను. 1915లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకును నెలకొల్పిరి.

సహకారబ్యాంకు నడుచు విధము మన సభ్యులలో చిన్నవారికి తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు చెప్పెదను. జర్మనీదేశమున రైఫైజను అను గ్రామాధికారి 19వ శతాబ్దిలో ఈ మార్గమును చూపెను. ఒంటరి పేదకు ఎవరును అప్పు ఇయ్యరు, పదిమంది పేదలు ఒకరికొకరు పూచీపడినచో ఇత్తురు. ఊరి సంఘమునందలివారు ఒకరినొకరు ఎరుగుదురు గనుక, ఎవడు తీర్చగలవాడో, ఎవడు తాగి తగలబెట్టువాడో విచారించుటకు వేరు ఖర్చు లేదు. ఊళ్ళ సంఘములకు సొమ్మునందించునది జిల్లాలోని కేంద్రబ్యాంకు. సంఘమున వాటా పెద్దదైనను చిన్నదైనను మనిషికొక్క ఓటే. మదరాసు ప్రభుత్వమువారు నికల్సను అను అధికారిచేత యూరపు పద్ధతులను విచారింపజేసిరి. ఇండియాకు సహకార చట్టము 1904లో వచ్చినది. పైనుండి వచ్చిన చట్టమును క్రిందనున్న జనుల పనిగా మార్చినవారిలో బందరు వైద్యుడొకరు.

మరుసటి యేడు 1916లో ఆయన వైద్యవృత్తిని పూర్తిగ వదలుకొనిరి. ముప్పదియారేండ్ల వయస్సున, చేతినిండ పనియున్న డాక్టరు స్టెతస్కోపు పెట్టెలో పెట్టివేయుట ఆ ఇంటివారికి ఎట్లు తోచెనో! అప్పటికే ఆయన కోపల్లె హనుమంతరావుగారితోను, ముట్నూరి కృష్ణారావుగారితోను కూడి 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలలో ఒకరు. చదువుతోపాటు చేతిపనులు నేర్పిన కళాశాల అది. 1919లో జన్మభూమి యను ఆంగ్ల వారపత్రికను ఆరంభించి పదేండ్లకు పైగా నడిపిరి. తెలుగువారికి వేరు రాష్ట్రము కావలెనని వాదించుటలో ముందు నడచినవారిలో ఆయన యొకరు. కాంగ్రెసులో ఆంధ్రులకు ప్రత్యేక శాఖ ఏర్పడుటకు పాటుపడిరి. ఇవి ప్రసిద్ధములు గాన త్వరగా దాటుచున్నాను.

1922లో గాంధిమహాత్ముడు సహాయనిరాకరణమును నిలిపివేసి చెరసాలకేగిరి. ఉద్యమము చల్లారినది. అట్టి దినములలో కొందరు శాసనసభలవైపు నడచిరి, కొందరు నూలు వడకుచు కూర్చుండిరి. పట్టాభిగారు బ్యాంకు పెట్టిరి. 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రాబ్యాంకు రిజిస్టరు కాబడి, 28వ తేదీన బందరులో వ్యాపారమారంభించినది. పదిలక్షల మూలధనమునకు అనుమతి పొందినను, మొదట చెల్లింపబడిన మూలధనము ఒక లక్ష రూపాయలు. నాలుగు తరములు బ్రతికిన సంస్థకు ఆ లక్ష విత్తనము.

సహకారబ్యాంకు ఉండగా మరియొకటి ఎందుకని అడుగవచ్చును. సహకారబ్యాంకు సభ్యునికే అప్పు ఇచ్చును, ప్రభుత్వ రిజిస్ట్రారు కనుసన్నల నడచును. వర్తకునికి, వృత్తిపనివానికి, నెలజీతగానికి, పండిన ధాన్యమును కొట్టున పెట్టి ధరకై ఆగదలచిన కాపునకు వేరు బ్యాంకు కావలెను. అంతకుమించి, డెల్టాలో మిగిలిన డబ్బు మదరాసుకు పోకుండ అచ్చటనే తిరుగవలెను. ఒకడు దాచుకొన్నది ఆ ఊరనే మరియొకనికి ఎరువగును, వాడు తీర్చినది మూడవవానికి మరయగును. వాటాదారునకు లాభము పంచిపెట్టుట ఇచ్చట తప్పు కాదు, లాభము లేనిచో రెండవ యేడు వాటా కొనువాడుండడు. కాని లాభము కొరకు మాత్రమే అయినచో, నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పు షావుకారు వృత్తి ఉండనే ఉన్నది, అందుకు బ్యాంకు అక్కరలేదు. పట్టాభిగారు నడచినది ఈ రెంటి నడిమి దారి. అది ఇరుకుదారి యని లెక్కలు వ్రాసినవారెరుగుదురు.

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మార్గము వేరు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమును చేసి అమ్మి, వచ్చిన లాభమును 1908లో ఆరంభించిన ఆంధ్రపత్రికకు, గ్రంథప్రచురణకు, అడిగినవారి అవసరములకు ధారపోసిరి. ఒక చేత సంపాదించి రెండవచేత పంచుట అది. మన గ్రంథాలయోద్యమమే ఆ చేతి చలువ చాలవరకు. పట్టాభిగారు సంపాదనను దానమును వేరుచేయక, వ్యాపారమునే సేవగా నడుపజూచిరి. దానము ఒకసారితో తీరిపోవును, అప్పు తీరి వచ్చి మరల మరియొకనికి పోవును. పుచ్చుకొన్నవాడు తలవంచుకొనవలసిన పనియు లేదు. అయితే దానమునకు లేని చిక్కు దీనికి కలదు. తీర్చలేనివానిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మరల వచ్చెదను.

బ్యాంకు పెట్టిన రెండేండ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. అప్పట్లో జీవితబీమా తీసికొనువారే తక్కువ. తీసికొన్నవారును పెక్కుమంది విదేశపు కంపెనీలకో బొంబాయి కంపెనీలకో కట్టుచుండిరి. యజమాని పోయిన ఇంటికి సొమ్ము అందుట బీమాలో ఒక వైపు. ఏండ్లతరబడి కట్టు కిస్తుల మొత్తమును ఎచ్చట పెట్టుబడి పెట్టుదురన్నది రెండవ వైపు. ఆంధ్రుల కిస్తులు ఆంధ్రదేశమందుండుట ఆయన సంకల్పము. 1927లో వడ్లమన్నాడు గ్రామమున భూమి తనఖా బ్యాంకును స్థాపించిరి. ఇది నా మనస్సునకు అన్నిటికంటె ప్రియమైనది. పంట అప్పు పంటతో తీరవలెను. తాతనాటి అప్పు ఒక పంటతో తీరదు. పాత నోటును మార్చి, భూమిని కుదువబెట్టుకొని, పదునైదు ఇరువదేండ్ల కిస్తులుగా తక్కువ వడ్డీతో తీర్చుకొనుటకు వీలుకల్పించునది తనఖా బ్యాంకు. మదరాసులో రాష్ట్రస్థాయి కేంద్ర తనఖా బ్యాంకు వచ్చినది 1929లో. అంతకు రెండేండ్ల ముందే ఒక పల్లెలో ఆ పని జరిగినది. 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ పేరిట బీమా సంస్థను కూడ నెలకొల్పిరి.

ఒక్కొక్కటి విడిగా చూచిన ఇది కంపెనీల జాబితావలె నుండును. నేనొకనాడు వీనిని కాగితముపై వ్రాసి, ఎదుట ఒక కాపు కుటుంబపు ఖర్చులు వ్రాసి చూచితిని. విత్తనమునకు సహకారబ్యాంకు, అమ్మకమునకు, దాచుకొనుటకు ఆంధ్రాబ్యాంకు, తాతల అప్పునకు తనఖా బ్యాంకు, యజమాని చావునకు బీమా. రోగి శరీరమున ఎచ్చటెచ్చట నొప్పియో అడిగి ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు వ్రాసినట్లున్నది. ఆయన మనస్సున ఇట్లే యుండెనో లేదో నేనెరుగను, నాకట్లు తోచినది. ఈ సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగునందే నడువవలెనని ఆయన పట్టుపట్టిరని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. సంతకముచేయు కాగితమున ఏమున్నదో చదువుకొనగలుగుటకంటె అప్పుదారునకు గొప్ప రక్షణ ఏది?

ఇంతలో ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వచ్చిపడినది. 1929 తరువాత ధాన్యము ధర కూలిపోయినది. పుట్టి ధాన్యము మంచి ధర పలికిన దినములలో చేసిన అప్పును, ధర కూలిన దినములలో తీర్చవలసివచ్చినది. డెల్టాలో భూములు చేతులు మారినవి. రైతుల అప్పుల భారమును తగ్గించుచు మదరాసు ప్రభుత్వము 1938లో చట్టము చేసినది. ఆ సంక్షోభకాలమునందే పట్టాభిగారు 1930లో ఉప్పుసత్యాగ్రహము చేసి చెరసాలకు పోయిరి, 1932లో మరల పోయిరి. ఆయన లోపలనున్నను బ్యాంకు తలుపులు బయట తెరువబడుచునే యుండెను. 1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కుప్పకూలి దక్షిణాదిన ఎందరినో ముంచినది, ఆంధ్రాబ్యాంకు నిలిచినది. స్థాపకుడు లేకున్నను నడుచునట్లు సంస్థను కట్టుట ఆయన పనులలో మేలైనదని నా అభిప్రాయము. మన ఊళ్ళ సంఘములు అధ్యక్షుడు ఊరికి పోయిన తాళము వేయబడుట మనమెరిగినదే!

1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవమునకై ఆయన ఆంగ్లమున కాంగ్రెసు చరిత్ర వ్రాసిరి. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్షపదవికి గాంధిమహాత్ముని ఆదరమున నిలిచి, 1,580 ఓట్లు పొందిన సుభాస్ బాబు ఎదుట 1,377 ఓట్లతో ఓడిరి. గాంధీజీ ఆ ఓటమిని తనదిగా చెప్పుకొనుటచే అది లోకప్రసిద్ధమైనది. ఒక మనిషి ఏబదియేండ్ల కృషిని ఆ ఒక్క ఓటమి కప్పివేయుట న్యాయము కాదు. 1942 ఆగస్టులో బొంబాయిలో అరెస్టయి, నెహ్రూ, పటేలు, ఆజాదు మొదలగువారితో అహమ్మదునగరు కోటలో సుమారు మూడేండ్లు నిర్బంధమున నుండిరి. 1948లో పురుషోత్తమదాసు టాండనుగారిపై గెలిచి కాంగ్రెసు అధ్యక్షులైరి. భాషారాష్ట్రములను పరిశీలించుటకు ఏర్పడి వారి మూడు పేర్ల తొలి అక్షరములతో జె.వి.పి. సంఘమని పిలువబడిన త్రిసభ్యసంఘమున జవహరులాలు, వల్లభభాయిలతోపాటు మూడవవారు వీరే. మదరాసు నగరముపై పట్టు విడిచినగాని ఆంధ్రరాష్ట్రము రాదని ఆ సంఘము 1949లో చెప్పుటచే, జీవితమంతయు ఆంధ్రరాష్ట్రము కోరినవారే ఆంధ్రులలో కొందరికి అప్రియులైరి. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వచ్చెదను. మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు లోపములు చెప్పరాదని కొందరి మతము. ఖాతాలో జమవైపు మాత్రమే వ్రాసి చూపు గుమాస్తాను నమ్మవచ్చునా? తనఖా బ్యాంకు అప్పు ఇచ్చుట భూమిపై. భూమిలేని కూలివానికి, పట్టా లేని కౌలుదారునకు, ఇంటిలో సంపాదనయున్నను పేరున ఏమియు లేని స్త్రీకి ఆ తలుపు తెరువబడలేదు. సహకారసంఘములలో మనిషికొక ఓటున్నను, పెద్దకాపు ఎదుట పాలేరు తన ఓటు తాను వేయగలిగిన ఊళ్ళు ఎన్ని? ఆంధ్రాబ్యాంకు ప్రథమదశలో లాభపడినది డెల్టాలోని మధ్యతరగతి రైతు, వర్తకుడు, ఉద్యోగి. దానికి కారణము పట్టాభిగారి కఠినత్వము కాదు, తీర్చలేనివానికి ఇచ్చిన దాచుకొన్నవాని సొమ్ము పోవును. ఆర్బత్‌నాట్ కొఠీ మునిగిన తరమువారు ఆ భయమును ఎట్లు మరతురు?

ఆ మూసిన తలుపును తెరచెదమని మన కాలమున సూక్ష్మరుణ సంస్థలు వచ్చినవి. పట్టా అడుగరు, పదిమంది స్త్రీలు ఒకరికొకరు పూచీ. రైఫైజను మాటనే మరల చెప్పినట్లుండెను. ఆశ మంచిదే. మా వీధిలోని ఒక తల్లి 2010లో ఒక సాయంకాలము మూడు పుస్తకములు తెచ్చి తన అప్పు లెక్కకట్టుమని నన్నడిగెను. క్యాలెండరు వెనుకవైపున వ్రాసి చూచితిని. ఒక సంస్థ వారపు కిస్తును మరియొక సంస్థ అప్పుతోను, దాని కిస్తును మూడవ అప్పుతోను కట్టుచున్నది. బర్రె ఎప్పుడో అమ్ముడైపోయినది. ఆ సంస్థల పేర్లు ఇచ్చట అనవసరము. వాటా కొన్నవారు ఎక్కడో నగరములలో, కొందరు విదేశములలో నుండిరి. వారికి నెలనెల చేరు లెక్కలలో ఆమె మూడుసార్లు మేలుపొందిన స్త్రీగా నమోదై యుండునని తలచి నాకు నవ్వు వచ్చినది, తరువాత సిగ్గు వేసినది. కిస్తుల ఒత్తిడికి రాష్ట్రమున కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ అక్టోబరు 15న ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేయగా వసూళ్ళు ఆగిపోయినవి. ఆ పిమ్మట అవసరమునకు ఆమె పోయినది మరల షావుకారు గుమ్మమునకే. 2021లో గడ్డిఅన్నారము పండ్లబజారు మన ఊరికి తరలివచ్చిన తరువాత ఆ బజారులో నేను చూచిన మామిడి రైతులలోను, పూతకు ముందే అడ్తిదారు వద్ద బయానా పుచ్చుకొని కాయ ధరపై నోరు మెదపలేనివారు లేకపోలేదు.

ఈ సంగతి సంక్రాంతినాడు ఆ యువకునికి చెప్పితిని. మీరు మేలును లెక్కించు పట్టికలో ఈ తల్లి మూడు పుస్తకములు ఒక్కచోట కనబడునా యని అడిగితిని. అతడు కొంతసేపు ఆలోచించి, ఇప్పుడు ఒకరి అప్పులన్నియు ఒకచోట చూపు ఏర్పాట్లు వచ్చినవనియు, అయినను కాగితమున కనబడనిది కొంత మిగులుననియు నిజాయితీగా ఒప్పుకొనెను. పట్టాభిగారి కాలమున పట్టిక లేదు. అప్పుతీసికొన్నవాడును, సొమ్ము దాచుకొన్నవాడును, వాటా కొన్నవాడును చాలవరకు ఆ జిల్లావారే, ఒకే సంతకు పోవువారే. తప్పుచేసిన బ్యాంకు గుమాస్తా మరునాడు వీధిలో తల యెత్తుకొని నడువజాలడు. పెట్టుబడి దూరమునుండి వచ్చినప్పుడు ఆ సిగ్గు స్థానమున ఏమి నిలుపవలెనన్నది అతని వంటి చదువుకొన్నవారు తేల్చవలసిన పని. నావంటి ఊరి గుమాస్తాకు అది చేతకాదు. కాని పల్లెనుండి పోయినవాడు ఆ కుర్చీలో కూర్చుండుట నాకు సంతోషము.

ఆయన స్థాపించిన సంస్థలలో జీవితబీమా పని 1956లో ప్రభుత్వపరమై జీవితబీమా సంస్థలో కలిసినది. దానిని ఆయన కన్నులార చూచిరి. 1959 డిసెంబరు 17వ తేదీన పట్టాభి సీతారామయ్యగారు మన హైదరాబాదు నగరమందే దివంగతులైరి. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రాబ్యాంకులో చేరినది. 1980 ఏప్రిలు 15వ తేదీన మరి అయిదు బ్యాంకులతోపాటు ఆంధ్రాబ్యాంకు జాతీయమైనది. 2020 ఏప్రిలు 1వ తేదీన, 1906లో ఉడుపిలో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకుతోపాటు, యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమై, తొంబదియారేండ్లు నిలిచిన ఆ పేరు బోర్డులనుండి తొలగినది.

మన గ్రంథాలయ నిధి మొదటినుండి ఆ బ్యాంకులోనే దాచబడుచుండెను. ఏటేట సభ్యుల చందా, శుభకార్యములలో చదివించిన నూటపదహార్లు, పాత పత్రికలమ్మిన డబ్బు అందు జమకట్టితిమి. విలీనమైన పిమ్మట క్రొత్త పాసుపుస్తకము తీసికొనివచ్చి, పాతది పారవేయుమని ఒకరనగా నాకు మనసొప్పలేదు. దానిని మూడవ బీరువాలో, పైనుండి రెండవ అరలో, కాంగ్రెసు చరిత్ర ప్రక్కన పెట్టియుంచితిని. చూడదలచిన సభ్యులు గ్రంథపాలకునడిగిన తీసి చూపును.